ఎలివేషన్ అనే ఒక్క మాట

2021. కొండాపూర్‌లోని మా ఆర్కిటెక్ట్ ఆఫీసులో అద్దాల భవనాలు గీసి గీసి విసిగిపోయి ఉన్నాను. అప్పుడు పాతబస్తీలో హోటల్ కట్టే పని వచ్చింది. క్లయింటు ప్రసాదరావుగారి ఆఫీసు హైటెక్ సిటీలో. మొదటి సమావేశంలో నన్ను తన భాగస్వాములకు "డ్రాయింగులు వేసే ఆయన" అని పరిచయం చేశారు. ఇరవై రెండేళ్ల అనుభవానికి దక్కిన గౌరవం అది. నేను మరచిపోలేదు.

స్థలం ఒక సన్నని గల్లీలో ఉంది. అటూ ఇటూ సున్నపు గోడల రెండంతస్తుల ఇళ్లు. హోటల్ కొత్తదే అయినా ఆ వరుసలో తల ఎగరేయకూడదని మూడంతస్తులకే గీశాను. మూడోదాన్ని వెనక గోడ నుంచి బాగా లోపలికి జరిపాను. దీన్ని మేము స్టెప్‌బ్యాక్ అంటాం. నిబంధనల ప్రకారం ఐదంతస్తులు వేయవచ్చు. వెనకింటి యాదమ్మను చూశాక నాకు మనసొప్పలేదు.

యాదమ్మ, ఆమె కోడలు లోపలి వాకిట్లో చట్రం వేసుకుని పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తారు. ఆ వాకిట్లోకి వెలుతురంతా దక్షిణం నుంచే, అంటే మా స్థలం మీదుగానే వస్తుంది.

"సార్, మీరు కడితే మాకు ఎండ పోతదా?" అని యాదమ్మ అడిగింది.

"పోదమ్మా. నాది పూచీ."

"పెద్ద బిల్డింగోళ్లందరు గిట్లనే అంటరు."

"నేను అందరిలాంటివాణ్ని కాను."

ప్రసాదరావుగారికి నా డిజైన్ నచ్చలేదు. "ఎలివేషనే లేదు కదండీ దీనికి! చూడగానే అదిరిపోవాలి," అన్నారు. మన ఊళ్లో బిల్డర్లకు ఎలివేషన్ అంటే ముందువైపు హంగులు: రాళ్లు, లైట్లు, అద్దాలు. మా వృత్తిలో అది భవనం నిలువు రూపాన్ని ఎత్తులతో సహా చూపించే డ్రాయింగు. ప్రతి సమావేశంలోనూ ఆయన్ని సరిదిద్దాను. "ఎలివేషన్ అంటే సోకు కాదండి, ఎత్తు కూడా అందులోదే." భాగస్వాముల ముందు కూడా అన్నాను. ఆయన నవ్వేవారు.

ఆరు నెలల వాదన తర్వాత, అప్పటికే కింది రెండంతస్తులు లేచాక, ముందువైపు ఏ రంగు రాయి వేసుకుంటారో వేసుకోనీ అనుకుని ఒక మెయిల్ పంపాను. "ప్లాన్ మార్చవద్దు. ఎలివేషన్ మీ ఇష్టప్రకారం మార్చుకోవచ్చు." విసుగులో ఆయన మాటను ఆయన అర్థంలోనే వాడేశాను.

రెండు నెలల తర్వాత సైటుకు వెళితే నాలుగో అంతస్తు స్లాబుకు సెంట్రింగ్ కడుతున్నారు. స్టెప్‌బ్యాక్ లేదు. వెనక గోడ నిటారుగా లేచింది.

"ఇదేమిటండీ?" అన్నాను.

అక్కడే ఉన్న ప్రసాదరావుగారు ఫోన్ తీసి నా మెయిలే చదివి వినిపించారు. "ఎత్తు కూడా ఎలివేషనేనని మీరే కదండీ నేర్పించారు? నాలుగు, ఐదు కూడా వేస్తున్నాం. పర్మిషన్ వచ్చేసింది."

ఎన్నో ఉత్తరాలు రాశాను. లాయరును కలిశాను. ఆయన నా మెయిల్ ప్రింటు చదివి, ఆ కాగితం నా వైపు తోసి, "మీరే రాసిచ్చారు కదా," అన్నాడు. నేను పని నుంచి తప్పుకున్నాను. వాళ్లు ఐదంతస్తులూ కట్టి, గల్లీ వైపు నీలం అద్దాలు బిగించారు.

తర్వాతి చలికాలం యాదమ్మ ఇంటికి వెళ్లాను. పగలు పదకొండింటికే ట్యూబ్‌లైటు వెలుగుతోంది. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. రెండు జరీ కండెలు నా చేతిలో పెట్టింది.

"జర చూసి చెప్పు సార్, ఏది గోల్డు, ఏది కాపరు? మొన్న కలిపి కుట్టిన. గిరాకీ జాకెట్ మొకాన కొట్టిపోయింది."

వాటిని ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాను. నాకూ తెలియలేదు. రెండూ ఆమె చేతిలోనే పెట్టేశాను.

ఇప్పుడు ఏ క్లయింటుకూ ఎలివేషన్ అన్న మాట రాసివ్వను. గోడ ఎన్ని అడుగులో, ఎక్కడ ఆగాలో అంకెల్లో రాస్తాను. ప్రసాదరావుగారిని క్షమించలేదు, క్షమించను. కానీ ఆ వాకిట్లో వెలుతురు పోయింది నా వాక్యంతో. ఎదుటివాడి మాటను తప్పని తెలిసీ, అలసటతో ఒక్కసారి వాడినా, దాని ధర మనమే చెల్లిస్తామన్న హామీ లేదు.