మా అత్త మాటలు పొట్లాలైన వైనం

ఝాల్‌మూడీని అందరూ తింటారు. నేను చదివాను. ఒక్క సాయంత్రంలో పదకొండు పొట్లాలు, చివరి అక్షరం దాకా. అంత చదువు ఎందుకు చదవాల్సి వచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ సగం దాకా మీతో కలిసి నవ్వుతాను. ఆ తర్వాత నా వల్ల కాదు.

తొంభైల చివర్లో సంగతి. నాకు ఇరవై రెండేళ్లు. ఖరగ్‌పూర్‌లో ఇందా అనే పేటలో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్‌కి అద్దం కట్టించి, దేవుడి పటాల పక్కన తగిలించుకున్నవాణ్ణి. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు ఐశ్వర్యం రాలేదు, ల్యాప్‌టాప్ వచ్చింది. కలకత్తాలో ఏదో ఆఫీసు మూతపడితే పాత సామాన్లలోంచి ఏరి తెచ్చుకున్నాను. ఒళ్లో పెట్టుకునేదని పేరే గానీ, పది నిమిషాలు పెట్టుకుంటే తొడలు తిమ్మిరెక్కేవి. బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది, గోడకి వైరు తగిలిస్తేనే ప్రాణం. అయినా ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల వరసలో ల్యాప్‌టాప్ ఉన్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే. దాన్ని సంచీలో వేసుకుని కూరగాయలకి కూడా వెళ్లేవాణ్ణి. వంకాయలకి దానితో ఏం పని అని ఎవరూ అడగలేదు, అదృష్టం.

సింహాచలం మావయ్య మా మేనత్త భర్త. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అత్త పోయాక ఆయన ఒక పని పెట్టుకున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ అన్న మాటల్ని గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు నోటు పుస్తకాల్లో రాయడం. అత్తకి చదువు రాదు. నోరు మాత్రం వర్క్‌షాపు సైరన్‌ని కూడా వినపడకుండా చేసేది. శ్రీకాకుళం మాటకి బెంగాలీ మాట అతికించి ఆవిడ విసిరే విసుర్లు మా వరసంతా వాడుకునేవాళ్లం. "కొళాయి కాడి కొట్లాట కొళాయి కాడే ఒగ్గీయాల, బిందిలో పోసుకోని ఇంటికి తేకూడదు" అన్నది ఆవిడే. మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తున్న చట్టం అది.

ఒకరోజు మావయ్య నాలుగు నోటు పుస్తకాలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఒరే సూర్యం, ఇయన్నీ నీ పెట్టిలోకి ఎక్కించీగలవేటి? మీ అత్త సమత్సరీకానికి సుట్టాలంతా వస్తారు. నువ్వు సదువుతుంటే ఇందామని."

"ఎక్కించీడానికేటి మావయ్యా. ఒకపాలి ఎక్కినాదంటే వందేళ్లకీ ఢోకా నేదు. సెద పట్టదు, వాన తడపదు."

"మరి స్పేరు?"

వర్క్‌షాపులో బతికిన మనిషికి స్పేరు లేని సామాను సామానే కాదు. "తీస్తాన్లే" అన్నాను, విమానం నడిపేవాడు సైకిల్ షాపువాడికి జవాబిచ్చినట్టు.

ఖరగ్‌పూర్‌లో తెలుగు అక్షరాలున్న కంప్యూటర్ దొరకదు కాబట్టి అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాను. చదివితే అత్తకీ అట్టకీ తేడా తెలిసేది కాదు. "మీ అట్ట కల్లు ఎర్రగా ఉన్నాయి" అని నేను చదివితే, పోయినావిడకి కల్లు అంటగడతావా అని మా అమ్మ నన్ను కొట్టబోయింది. అయినా రెండు నెలల్లో నాలుగు పుస్తకాలూ ఎక్కించేశాను. కొడుతూ కొడుతూ నవ్వుకున్నాను, రెండు మూడు చోట్ల ఆగి కళ్లు తుడుచుకున్నాను. ఇది మాత్రం నిజం.

స్పేరు కోసం, అంటే ఇంకో కాపీ దాచడానికి, మా స్నేహితుడి దగ్గర ఒక ఫ్లాపీ అడిగి తెచ్చాను. అందులో పైనుంచి ఇటుకలు రాలే ఆట ఒకటి ఉంది. ఆట చెరిపేస్తేగానీ అత్త పట్టదు. ఒక్కసారి ఆడి చెరుపుదామనుకున్నాను. ఆ ఒక్కసారి మూడు వారాలు నడిచింది.

"స్పేరు తీసినావేటి?" అని మావయ్య వీధిలో అడిగాడు.

"తీసినాను మావయ్యా" అన్నాను, జేబులోంచి ఫ్లాపీ తీసి చూపించి మరీ. అబద్ధానికి సాక్ష్యం కూడా పట్టుకు తిరిగేవాణ్ణి అన్నమాట.

ఇంతలో మా క్వార్టర్‌కి సున్నం వేయడానికి మనుషులొచ్చారు. గది ఖాళీ చేయాలి. నా పాత నోట్సులతో పాటు మావయ్య పుస్తకాలు నాలుగూ కూడా తీసుకెళ్లి గోల్‌బజార్ మలుపులో ఝాల్‌మూడీ బండి పెట్టుకునే నిమాయ్‌దాకి పొట్లాల కోసం ఇచ్చేశాను. అంతా పెట్టెలో ఎక్కేశాక కాగితం ఎందుకు? ఆధునికుణ్ణి కదా. నిమాయ్‌దా సంతోషించి నాకో పొట్లం ఊరికే కలిపి పెట్టాడు. మరమరాలూ ఉల్లిపాయా పచ్చిమిర్చీ, పైన ఆవనూనె. చాలా బాగుంది. సిగ్గులేని నాలుక, ఆ రుచి ఇంకా గుర్తుపెట్టుకుంది.

సంవత్సరీకం నాడు మావయ్య క్వార్టర్ నిండిపోయింది. భోజనాలయ్యాక అందరూ చాపల మీద సర్దుకున్నారు. నేను ల్యాప్‌టాప్‌ని పీట మీద పెట్టి, వైరు తగిలించి, గొంతు సవరించుకుని మీట నొక్కాను. తెర నల్లగా అయింది. దాని మీద ఇంగ్లీషులో రెండు తెల్లటి వరసలు. అంతే, అక్కణ్ణించి కదలదు.

"ఏటంతన్నాదిరా?" అన్నాడు మావయ్య.

"డిస్కు బాగోనేదంట. మార్చీసి ఏదో ఒక మీట నొక్కమంతన్నాది."

చాపల మీద ఉన్నవాళ్లంతా రైల్వేవాళ్లు, సలహాలకి లోటేముంది. లోకో షెడ్డు బావ "ఓల్టేజీ తక్కువై ఉంటాది, ఫేను ఆపండి" అన్నాడు. ఫ్యాన్ ఆపారు. అందరికీ చెమటలు పట్టాయి గానీ దానికి పట్టలేదు. ఇంకొకాయన "బండి లోడు మీద మొరాయిస్తే ఎనక్కి తోసి ముందుకి లాగాల" అన్నాడు. దాన్నెలా తోయాలో చెప్పలేదు.

నాకు చెవులు వేడెక్కాయి. "ఇంజనీరు"నని నా పేరు. డిస్కు బాగోలేదు అంటే డిస్కుకి దుమ్ము పట్టిందన్నమాటే కదా అని తేల్చేశాను. వినాశకాలే విపరీత బుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు, మూడు నెలల కోర్సు చేసినవాణ్ణి చూసే అనుంటారు.

"విప్పాల మావయ్యా" అన్నాను.

విప్పడం అనే మాట వింటే చాలు, ఫిట్టరుకి ప్రాణం లేచొస్తుంది. ఆయన పనిముట్ల సంచీ తెచ్చాడు. పెట్టె విప్పాం. లోపల అరచేతంత డిస్కు. దానికి మళ్లీ ఓ మూత, మూత మీద తెరవకూడదని చీటీ. దాని మరలు వింత మరలు, ఏ స్క్రూడ్రైవరూ పట్టలేదు. మావయ్య ఒక పాత స్క్రూడ్రైవర్ మొన ఆకురాయితో అరగదీసి, ఆ మరలకి సరిగ్గా సరిపోయేలా చేసి ఇచ్చాడు. అంత చక్కటి పనితనం ఈ లోకంలో అంత దరిద్రపు పనికి ఎప్పుడూ వాడి ఉండరు.

మూత లేచింది. లోపల అద్దంలాంటి పళ్లెం. మా మొహాలు అందులో కనపడ్డాయి.

"తుడవొచ్చేటి?" అన్నాడు మావయ్య, చేతిలో కాటన్ వేస్టు ఉండతో. వర్క్‌షాపులో నూనె చేతులు తుడుచుకునే దారం పోగులు అవి.

"తుడవాల మావయ్యా" అన్నాను.

ఆయన తుడిచాడు. అద్దం తుడిచినట్టు, నోటి ఆవిరి పట్టి, గుండ్రంగా, ఓపిగ్గా, మెల్లగా. అత్త పటం తుడిచేటప్పుడు కూడా ఆయన అలాగే తుడిచేవాడు.

మళ్లీ బిగించి మీట నొక్కితే అవే రెండు వరసలు. చుట్టాలు బండి టైములు చూసుకోవడం మొదలుపెట్టారు. మావయ్యని సైకిల్ వెనక ఎక్కించుకుని, ల్యాప్‌టాప్ ఆయన ఒళ్లో పెట్టి, ఇందాలో నాకు కోర్సు చెప్పిన బెంగాలీ సార్ దగ్గరికి తొక్కాను.

సార్ తెర వైపు ఒక్క క్షణం చూశాడు. పెట్టె పక్కన వేలు పెట్టి ఏదో నొక్కాడు. టక్కుమని నల్లటి పలక ఒకటి బయటికొచ్చింది. నా ఫ్లాపీ. ముందురోజు ఆడి, తియ్యడం మరిచిపోయిన ఇటుకల ఆట.

"ఎటా కీ?" అన్నాడు సార్. ఇదేమిటని.

ఆ యంత్రం లేవగానే ముందు ఫ్లాపీ ఉందేమో చూస్తుందట. ఉంటే, తనకి కావలసింది అందులో లేకపోతే, అలా రెండు వరసలు రాసి కూర్చుంటుందట. అది తీసేసి మీట నొక్కితే నిక్షేపంలా లేచేదట. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినవాడు నయం, వాడు పిల్లని విప్పి తుడవలేదు.

సార్ మీట నొక్కాడు. ఈసారి వరసలు కూడా రాలేదు. లోపల టిక్కు టిక్కుమని గోరుతో గీకుతున్నట్టు చప్పుడు. ఆయనకి అనుమానం వచ్చి డిస్కు బయటికి తీశాడు.

"ఎటా కే ఖులేఛే?" ఎవరు తెరిచారని.

నేను మావయ్య వైపు చూశాను. మావయ్య గోడ గడియారం వైపు చూశాడు.

"మేమే సార్. తుడిచాం."

"దేంతో?"

"కాటన్ వేస్టుతో."

సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇక కలకత్తా తీసుకెళ్లినా ఒక్క అక్షరం కూడా రాదని, ఆస్పత్రిలో డాక్టరు చెప్పినంత మెల్లగా చెప్పాడు.

మావయ్య మాత్రం తొణకలేదు. "స్పేరుంది కదరా" అన్నాడు.

ఫ్లాపీ వైపు మావయ్యే వేలు చూపించాడు. సార్ ఆ ఫ్లాపీని తీసుకుని తన కంప్యూటర్‌లో పెట్టాడు. పాట మొదలైంది. పైనుంచి రంగురంగుల ఇటుకలు రాలడం మొదలుపెట్టాయి. మావయ్య కుర్చీ ముందుకి జరుపుకుని, కళ్లు చికిలించి, చాలాసేపు చూశాడు.

"ఇందులో మీ అత్త ఎక్కడున్నాదిరా?"

ఇక్కడిదాకా నవ్వాను కదా మీతో పాటు. ఇక మీరు నవ్వుకోండి.

"నేదు మావయ్యా. నేను స్పేరు తీయనేదు. అబద్ధమాడినాను."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలే, నా బుక్కులున్నాయి కదా. ఇయ్యి, మల్లీ ఎక్కించుకుందుము" అన్నాడు.

అప్పుడు నిమాయ్‌దా సంగతి చెప్పాను. గోల్‌బజార్ చేరేసరికి బండి చుట్టూ సాయంత్రం జనం మూగి ఉన్నారు. "ఓ ఖాతా తో షేష్" అన్నాడు నిమాయ్‌దా. ఆ పుస్తకాలు అయిపోయాయట. వాళ్లావిడ మైదా జిగురు పెట్టి పొట్లాలు అతికించేసిందట. మిగిలినవేవో ఈ దండలోనే ఉంటాయని బండికి వేలాడుతున్న పొట్లాల గుత్తి చూపించాడు. మొత్తం ఇచ్చెయ్యమంటే, "దాదా, అన్నీ ఇచ్చేస్తే మూడీ నీ దోసిట్లో పొయ్యనా?" అన్నాడు. న్యాయమే. కావాలంటే తినండి, తిన్న పొట్లం మీదే అన్నాడు.

తిన్నాం. మావయ్యకి పళ్లు సగమే ఉన్నాయి. పచ్చిమిర్చి తీసేయించుకుని ఆయన మూడు తిన్నాడు, మిగిలినవి నేను. అది కాకుండా పక్కవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతున్న పొట్లాల సంగతేమిటి? తెలుగు అక్షరం కనపడితే చాలు, వాళ్లు తినేదాకా ఎదురుగా నిలబడేవాళ్లం. ఒక దీదీ మా ఇద్దరి చూపులూ చూసి జాలిపడి, తన పొట్లం మావయ్య చేతిలో పెట్టేసి వెళ్లిపోయింది. "దయగల తల్లి" అన్నాడు మావయ్య. అందులో అత్త లేదు, ఎవరిదో పరీక్ష పేపరు ఉంది. అయినా దాన్నీ ఆయన పూర్తిగా తిన్నాడు, పారేస్తే అత్త ఊరుకునేది కాదని.

చీకటి పడేవేళకి అత్త మాటలున్న పొట్లాలు పదకొండు తేలాయి. వీధి దీపం కింద సిమెంటు అరుగు మీద పరిచి విప్పాం. ఆవనూనె పట్టి సిరా సగం కరిగిపోయింది. ఒకదాంట్లో అత్త కూర ముక్క గురించి ఏదో అంటోంది. ఇంకోదాంట్లో పొరుగు బెంగాలీ ఆవిడతో పోట్లాట సగంలో ఉంది, ఎవరు నెగ్గారో తెలియదు. చివరిది కాస్త శుభ్రంగా ఉంది. మావయ్య చేతిరాత గుండ్రంగా కనపడుతోంది. నేను పైకి చదివాను.

"నాను డూటీ దిగి ఇంటికొచ్చినాను. ఆ దినం పిల్ల పోయి మూడో నాడు. ఏటీ వొండనేదు. దీపం కాడ కూకోని, నా ముకం సూసి, అప్పుడు మీ అత్త ఏటన్నాదంటే"

అక్కడితో కాగితం అయిపోయింది. జిగురు విప్పి చూస్తే, వెనక అతికించింది బెంగాలీ పంచాంగం.

వాళ్లకి ఒక పిల్ల పుట్టి పోయిందని నాకు అప్పటిదాకా తెలియదు. కాదు, తెలియాలి. ఆ పేజీని రెండు నెలల కిందట నా వేళ్లతోనే కొట్టాను. తర్వాత ఇటుకల మీద పెట్టిన ధ్యాస ఆ రోజు దాని మీద లేదు.

"ఏటన్నాది మావయ్యా?" అన్నాను.

ఆయన కాగితాన్ని తన వైపు తిప్పుకుని అటూ ఇటూ చూశాడు. పెదాలు కదిలాయి, ఆగిపోయాయి. మళ్లీ కదిలాయి.

"రాసీసినాను కదరా" అన్నాడు. "రాసీసినాను కదాని, మరింక గుర్తెట్టుకోనేదు."

ఆయన ఆ తర్వాత ఏడేళ్లు బతికాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కోసారి భోజనం మధ్యలో ముద్ద పట్టుకుని ఆగిపోయేవాడు. అదేనా అని నేను కాగితం, కలం పట్టుకుని పరిగెత్తేవాణ్ణి. "నేదురా, ఉప్పు తక్కువైనాది" అనేవాడు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఆవనూనె సాక్షిగా, మరమరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ యంత్రమైనా లేవనంటే ముందు దాని నోట్లో ఏముందో చూస్తాను. తియ్యని స్పేరు తీశానని చెప్పను. కాటన్ వేస్టుతో చేతులు తప్ప మరేమీ తుడవను. ఝాల్‌మూడీ తిన్నాక పొట్లం విప్పి చదవకుండా పారెయ్యను.

ఆఖరిదాన్ని ఇంతవరకూ తప్పలేదు. మొన్న స్టేషన్ బయట తిన్నప్పుడు కూడా విప్పి చూశాను. అత్త ఏమందో అందులోనూ లేదు.