మస్తాన్ బాయ్ స్కూటర్‌కు నేను చేసిన మేలు

నా మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఒక మనిషి మూడేండ్ల కష్టాన్ని మేలు చేస్తానని పోయి మూడు దినాల్లో ముంచిన సంగతి చెప్తా. నవ్వుకుంటే నవ్వుకోండి, మిమ్మల్ని అనేదేముంది, మా ఇంట్లోవాళ్లే నవ్వుతాండారు.

ఐదారేండ్ల కిందటి మాట. కర్నూలులో మా పక్కింటి మస్తాన్ బాయ్ స్కూటర్ల మెకానిక్. డోన్‌లో పాత ఇనుము అంగట్లో తుప్పు పట్టి పడున్న ఇటలీ స్కూటర్ ఒకటి తెచ్చి, మూడేండ్లు తిప్పలు పడి బాగుచేసినాడు. అది రోడ్డు మీద తిరిగే బండి కాదు, పాతకాలంలో రాళ్లగుట్టలెక్కే పందేల కోసం చేసిన బండి. ఆ ముక్క నా బుర్రకెక్కితే గదా. నాకు కనబడింది ఇంతే: సైలెన్సర్ ఆకాశం చూస్తాండాది, ముందు మడ్‌గార్డ్ టైరుకు జానెడు పైన గాల్లో ఉండాది, సీటు ఒక్కరికే, టైర్ల నిండా సీతాఫలం మాదిరి బొడిపెలు.

మేనకోడలి పెండ్లికి కడప పోతా తాళం నాకిచ్చినాడు.

"దినామూ ఒకసారి స్టార్ట్ చెయ్యప్పా దానియేలూ. ఇంకేం ముట్టుకోవద్దు. ఆదివారం డోన్ దగ్గర గుట్ట మీద పందెం ఉండాది. నేను నేరుగా ఆడికే వస్తా. నువ్వు ట్రాలీ ఆటోలో బండి తీసుకరా."

"నువ్వు నిమ్మళంగా పోయిరా బాయ్" అన్నా.

ఒక దినం ఓర్చుకున్నా. పాపం, ఇంత చేసి మడ్‌గార్డ్ సరిగ్గా బిగించే ఓపిక లేకపాయెనే అని జాలేసింది. జాలి కన్నా చెడ్డ జబ్బు లేదు. బండిని ఇంకో షెడ్డుకు తోసుకపోయినా. నున్నటి టైర్లు ఏపించి, మడ్‌గార్డూ సైలెన్సరూ కిందికి దింపించినా. ఇద్దరు కూర్చునే సీటు, రెండు పక్కలా ఇనుప గార్డులు, వెనక కూరగాయలకు బుట్ట కూడా.

"ఓనర్‌కు తెలుసా సార్?" అన్నాడు షెడ్డాయన.

"సర్‌ప్రైజప్పా" అన్నా. పాత టైర్లు ఏం చేయాలంటే పారేయమన్నా.

ఆదివారం చర్చి ఎగ్గొట్టి మరీ బండిని గుట్ట కాడికి చేర్చినా. మస్తాన్ బాయ్ దాని చుట్టూ తిరిగినాడు. బుట్టను ముట్టి చూసినాడు.

"నా బండి యాడప్పా?"

"ఇదే బాయ్."

"బొడిపెల టైర్లు?"

"పాడైనాయని పారేపించినా."

"రాయిని పట్టుకునేవి ఆ బొడిపెలే కదప్పా. వాటి కోసం ఏడాది వెతికినా. సైలెన్సర్ రాళ్లకు తగలకూడదనే పైన పెట్టింటారు. నీకు చదువు చెప్పినోడు ఎవడు?"

నాకూ రోషమొచ్చింది. "మంచి చేస్తే తిడతావా?"

"ఇంకొక్క మాటంటే ఈ బుట్ట నీ తలకు బోర్లిస్తా."

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నేను బంగారమట్లాంటి కోతిని పట్టుకొని వినాయకుణ్ణి చేసి పెట్టినా. గుట్ట ఎక్కాల్సింది కోతి కదా.

పందెం నియమం ఒకటే. కాలు నేలకు ఆనితే అవుట్. అట్లా ఆనకుండా ఎక్కువ పైకి పోయినోడిదే కప్పు. ముందు పోయిన ముగ్గురూ సగం గుట్టకే కాలు పెట్టేసినారు. మస్తాన్ బాయ్ ఒట్టి కోపం మీదనే ఆ నున్నటి టైర్లతో వాళ్లు ఆగిన కాడిదాకా ఎక్కినాడు. ఆడ నా ఇనుప గార్డులు రెండు బండల మధ్య ఇరుక్కున్నాయి. బండి కదల్లేదు, పడనూ లేదు. ఆయప్ప కాళ్లు పైనే పెట్టుకొని ముందుకీ వెనక్కీ ఊపుతాండాడు.

"కాలు ఆనలేదు. ఇంకా పందెంలోనే ఉండాడు" అన్నాడు రెఫరీ.

ఇంకొక్క ఊపు ఊపితే బయటపడి ఆ ముగ్గుర్నీ దాటేదే. నేను ఆగింటే కదా. ఉరుక్కుంటా దగ్గరికి పోయి, "చూసినావా బాయ్, నేను గార్డులు ఏపించబట్టే పడకుండా నిలబడినావు" అన్నా.

మస్తాన్ బాయ్ బండి దిగినాడు. నన్ను కొట్టేదానికి దిగినాడు.

రెఫరీ విజిల్ ఊది, "రెండు కాళ్లూ" అని రాసుకున్నాడు.

ఆర్నెల్లు ఆయప్ప నాతో మాట్లాడలేదు. ఊరూరూ తిరిగి బొడిపెల టైర్లు వెతికి తెచ్చిస్తే తలుపు తీసినాడు. ఆ దినమే ఒట్టు పెట్టుకున్నా: ఇకమీద పరాయి బండి మీద దుమ్ము కనబడినా, ఓనర్ కాగితం మీద రాసిస్తే తప్ప తుడవను. రాసిచ్చినా వారం ఆలోచిస్తా.