వంటింటి వెనక గది

2022 చలికాలం. నేను కెనడాలో, టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో ఉండే రియల్టర్ని, అంటే ఇళ్లు కొనిపెట్టడం, అమ్మిపెట్టడం నా పని. ఎక్కువగా టౌన్‌హౌస్‌లు, కాండోలనే సొంత ఫ్లాట్లు. టొరంటోలో బాగా డబ్బున్నవాళ్ల పేటలో, రెండో ప్రపంచయుద్ధానికి ముందు కట్టిన కో-ఆప్‌లో ఫ్లాట్ బేరం నాకు ఆ ఒక్కసారే వచ్చింది.

కో-ఆప్‌లో ఫ్లాట్ మన పేరున రాదు. బిల్డింగంతా ఒక కంపెనీది. మనం కొనేది అందులో షేర్లు. అందుకని బేరం కుదిరితే సరిపోదు, అక్కడ ఉంటున్నవాళ్ల బోర్డు మనల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగి సరేననాలి. ఒకరకంగా పెళ్లిచూపులే, కాకపోతే కాఫీ కూడా ఇవ్వరు.

కొనేది డాక్టర్ సుగుణగారు, నెల్లూరావిడ. ఒంటరి మనిషి. పనిచేసే హాస్పిటల్‌కి అక్కడినుంచి నడిచి వెళ్లొచ్చు. ఎత్తయిన సీలింగు, ఓక్ చెక్క నేల, ఇత్తడి తలుపుల లిఫ్టు చూసి మొదటిరోజే మనసు పారేసుకున్నారు. బోర్డు ఒప్పుకుంటుందనే ధీమాతో మిస్సిసాగా ఇల్లు అమ్మేశారు. నెలాఖరుకి తాళాలు ఇచ్చేయాలి.

చిక్కల్లా ప్రవళికతో వచ్చింది. కరీంనగర్ పిల్ల, కాలేజీలో చదువుకోవడానికి వచ్చింది. ఆ రోజుల్లో స్టూడెంట్లు విమానాలకి విమానాలే దిగుతున్నారు. ఇళ్ల కింది బేస్‌మెంట్లలో పరుపులు వంతులేసుకుని పడుకుంటున్నారు. అలాంటి బేస్‌మెంట్లో జ్వరంతో పడి ఉంటే సుగుణగారు ఇంటికి తెచ్చి పెట్టుకున్నారు. చుట్టరికం లేదు, అద్దె లేదు.

ఆ బిల్డింగ్ రూల్సు ప్రకారం బయటివాళ్లని ఇంట్లో ఉంచుకోకూడదు. ఒక్క పనిమనిషికి మాత్రం మినహాయింపు. ప్రతి ఫ్లాట్‌లోనూ వంటింటి వెనక పనిమనిషికని ఒక చిన్న గది, ఆ వైపు నుంచి దిగడానికి వేరే సర్వీస్ లిఫ్టు ఆ కాలంలోనే కట్టారు.

నాకు దారి దొరికినట్టే అనిపించింది. "డాక్టరుగారూ, ప్రవళిక మీ లివ్-ఇన్ హెల్ప్, అంటే ఇంట్లోనే ఉండే పనిమనిషి అని చెప్పేయండి. వాళ్లు ఇంకేం అడగరు" అన్నాను.

ఆవిడ నోరు తెరిచేలోపే పక్కనున్న ప్రవళికే అంది, "చెప్పుండ్రి ఆంటీ. నేనేం అనుకోను. నా కోసం ఇల్లు పోగొట్టుకుంటరా?"

"చూద్దాంలే" అన్నారు సుగుణగారు.

ఇంటర్వ్యూ జరిగింది బోర్డు ప్రెసిడెంట్ ఫ్లాట్‌లో. ఆయన మహా మర్యాదస్తుడు. ఆ మర్యాదకే నేను కుర్చీ అంచున కూర్చున్నాను. ప్రశ్నలు ఒక్కొక్కటే దాటుతున్నాం. ఏదో కాయితం చదవబోతే సుగుణగారి కళ్లజోడు కారులో ఉండిపోయింది. కారులో కూర్చున్న ప్రవళికని తెమ్మని ఫోన్ చేశాను. ఎంతకీ రాదు. నేను ముందు తలుపు వైపే చూస్తున్నాను. చివరికి ఆ పిల్ల, ప్రెసిడెంట్ ఇంట్లో పనిచేసే ఆవిడ వెంట, వంటింట్లోంచి వచ్చింది. కింద డోర్‌మన్ ప్రవళిక మొహం చూసి, ఏమీ అడక్కుండానే సర్వీస్ లిఫ్టు ఎక్కించాడట.

"ఓ, మీ హెల్ప్ ఈమేనా?" అన్నాడు ప్రెసిడెంట్ నవ్వుతూ, ఇంగ్లీషులో.

ఒక్క "యస్" అంటే చాలు, ఇల్లు వచ్చేసినట్టే. ప్రవళిక కళ్లజోడు చేతికిచ్చి గోడవారగా నిలబడింది. అనేయండి అన్నట్టు తల కూడా ఊపింది. సుగుణగారు కళ్లజోడు పెట్టుకున్నారు. తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

అప్పుడు పక్క కుర్చీ లాగి, "ఇట్టా వచ్చి కూర్చో అమ్మా" అన్నారు తెలుగులో. ఆయన వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు. "కాదండీ. ఈ అమ్మాయి స్టూడెంట్. నాతో ఉంటుంది. వీధివైపు బెడ్‌రూమ్ తనది. ఆ వెనక గదిలో నేను బియ్యం బస్తాలు పెట్టుకుంటాను."

ఆ వారంలోనే కుదరదని జవాబు వచ్చింది. కారణం చెప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, బోర్డు మీద ఎంతో ఆవిడ మీద కూడా అంతే. మంచులో తిరిగి తిరిగి వాళ్లకి ఒక చిన్న కాండో అద్దెకి పట్టాను. సామాన్లు దించిన రోజు ఉండబట్టలేక అనేశాను, "ఒక్క మాటకి ఇల్లు పోయింది కదండీ."

"నువ్వు చెప్పిందాంట్లో తప్పేం లేదులే అమ్మా" అన్నారావిడ, బియ్యం కడుగుతూనే. "ఆ మాట అనేసొచ్చి, ఇంటికొచ్చాక ఆ పిల్లని అన్నానికి ఏమని పిలిచేది?"

ఇప్పుడు ఇల్లు కావాలని ఎవరొచ్చినా బడ్జెట్ తర్వాత అడుగుతాను. ముందు, మీ ఇంట్లో అన్నానికి కూర్చునేది ఎవరెవరని అడుగుతాను.