టేపక్క కట్టిన పీలికలు

గుట్ట కింద నడకబాట మొదలయ్యే చోట ఒక ఇనుప బోర్డుంది. ఈ అడవినీ, ఈ బాటనీ కాపాడుతున్న వాళ్లంటూ దాని మీద తొమ్మిది పేర్లు. అందులో ఒకాయన మొన్న వేసవి దాకా ఆ బాట మీద నడిచింది ఒక్కసారే, బోర్డు పెట్టిన రోజున. పదకొండేళ్లుగా వారానికి రెండు రోజులు దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషి పేరు మాత్రం లేదు. పేర్లు రాసుకున్నది గ్రూపు ఫోటో చూసి. ఫోటో తీసే వేళకి ఆమె అవతల కాలువలో పూడిక తీస్తోంది. పైగా ఆ బోర్డు మీద పిట్టలు రెట్ట వేస్తే తడిగుడ్డతో తుడిచేదీ ఆమే. ఒక్క మాట అనలేదు. ఎంత ఓర్పో అని మనం మెచ్చుకుంటాం. మెచ్చుకోవడానికి ఒళ్లు వంచక్కర్లేదు కదా!

ఆమె దర్జీ. సందు మలుపులో చిన్న గది, రెండు మెషీన్లు, బల్ల కింద మోకాలెత్తు గుడ్డముక్కలు. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంది కాబట్టి ఊరందరికీ టేపక్క. "నన్ను మర్చిపోయి వెళ్లిన రోజులున్నాయి గానీ టేపు మర్చిపోయిన రోజు లేదు" అంటాడు ఆమె భర్త, రిటైరైన బస్సు కండక్టరు.

బాట కూడా ఆమెకి ఒక జాకెట్టే. వెడల్పు నాలుగడుగులు, అంతే. ఎవరైనా ఉత్సాహం కొద్దీ ఓ కొమ్మ ఎక్కువ నరికితే, "ఏం కత్తిరింపయ్యా ఇది, చంకలో పట్టేస్తుంది" అని పక్కకి నెట్టి తనే చేసుకుంటుంది. ఇలా నెట్టించుకున్నవాళ్లు మళ్లీ వచ్చేవారు కాదు. ఆమెకీ అదే సుఖంగా ఉండేది.

గదిలో మిగిలిన గుడ్డముక్కలు చింపి చెట్లకి కడుతుంది. నీలం పీలికయితే దారి ఇటే. ఎర్ర పీలిక, రెండు ముడులు ఉంటే మాత్రం ఇక్కడ బాట దిగొద్దని. ఆ చుట్టుపక్కల నేల మీదే గుడ్లు పెట్టే పిట్టలున్నాయి. పిట్టలు బోర్డు చూసి గుడ్లు పెట్టవు కాబట్టి ఆమె వారం వారం చోటు మార్చి కట్టేది. రోజూ నడిచేవాళ్లు ఎర్రది కనపడితే పక్కకి దిగేవారు కాదు, ఎందుకో ఎవరూ అడగలేదు. కారణం తెలిసింది ఆమెకీ, చెట్లకీ.

మొన్న వేసవిలో అటవీశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. జనం బాట దిగి గూళ్లు తొక్కుతున్నారని ఫిర్యాదట. ఆదివారం పొద్దున అధికారిణి వచ్చి చూస్తారు. నిజమని తేలితే గేటుకి తాళం.

బోర్డు మీద మొదటి పేరు మేనేజర్ గారిది, బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి. శనివారం పొద్దున్నే మిగతా ఎనిమిదిమందినీ పోగుచేసి బాట శుభ్రం చేయించారు. టేపక్క స్కూలు యూనిఫాంలు ఇచ్చేసి పదకొండింటికి చేరేసరికి గేటు దగ్గర మూడు గోనెసంచులు నిండుగా ఉన్నాయి.

"చూశావా అక్కా! ఎవడో పనిలేనివాడు చెట్టు చెట్టుకీ పీలికలు కట్టి చచ్చాడు. ఒక్కటి మిగల్చలేదు. పీకి పీకి గోళ్లు ఊడొచ్చాయనుకో!" అన్నారు మేనేజర్ గారు.

టేపక్క సంచిలో చెయ్యిపెట్టి ఒకటి తీసింది. "ఇది డాక్టరమ్మ జాకెట్టు అంచు. ఈ నీలి చారలది మీ చొక్కా, మేనేజర్ గారూ."

"నా చొక్కా చెట్టెందుకు ఎక్కిందమ్మా?"

"చేతులు కురచ చేయించారుగా. మిగిలిన ముక్క."

అప్పుడు చెప్పింది, ఏ రంగు దేనికో. టీ ఫ్లాస్కు పట్టుకొచ్చిన కండక్టరు అన్నాడు, "ఫుల్ టికెట్ కొని తప్పు బస్సెక్కారు సార్."

మేనేజర్ గారికి ఉడుకెత్తింది. "ముందే చెప్పొచ్చుగా!"

"అడిగారా?"

"మేం అడగలేదు, సరే. పదకొండేళ్లలో నువ్వైనా చెప్పాలా వద్దా?"

టేపక్క కాసేపు టేపు చివర వేలికి చుట్టుకుంది. "చెప్తే మీరూ కడతారు. వంకరగా కడతారు. నేను చూళ్లేను."

ఆ మధ్యాహ్నం తొమ్మిదిమందీ సంచులు మోస్తూ ఆమె వెనక నడిచారు. ఆగిన ప్రతిచోటా ఆమె వేలు పెట్టి చూపించింది. రాళ్లలో రాళ్లలా కలిసిపోయిన మచ్చల గుడ్లు. పొద్దున ఆ పక్కనే తిరిగానని గుర్తొచ్చి మేనేజర్ గారు ఎత్తిన కాలు దించకుండా కొంగలా నిలబడిపోయారు. తర్వాత ఆయనే పీలిక కట్టారు. నిజంగానే వంకర. టేపక్క చెయ్యి ముడి దాకా వెళ్లి, వెనక్కొచ్చింది.

"ఉండనివ్వండి. పిట్టకి వంకర తెలీదు."

ఆదివారం అధికారిణి ఆ ముడి దగ్గరే ఆగారు. "ఏంటిది?"

"దిగకండి మేడం, అక్కడ మూడు గుడ్లున్నాయి" అన్నారు మేనేజర్ గారు గుసగుసగా. ఆవిడ బైనాక్యులర్స్‌తో చూసి ఏదో రాసుకున్నారు.

"ఈ బాట చూసుకునేదెవరు?"

మేనేజర్ గారు అలవాటుగా నోరు తెరిచారు. మూసేశారు. వెనక్కి చూస్తే టేపక్క లేదు. "రండి, చూపిస్తాను" అని కాలువ దగ్గరికి తీసుకెళ్లారు. మోకాలి లోతు బురదలోంచి ఆమె తలెత్తింది.

అధికారిణి చూసి, "ఈవిడకి జ్వరమొస్తే ఏం చేస్తారు?" అన్నారు. తర్వాత తన నిర్ణయం ఆవిడే చెప్పారు. ఈ ఏడాదికి తాళం వెయ్యరు. వచ్చే వేసవికి పీలిక కట్టడం తెలిసినవాళ్లు ఇరవైమంది ఉండాలి. లేకపోతే గేటు మూస్తారు.

మర్నాడే మేనేజర్ గారు పెయింటర్ని తెచ్చి పదో పేరు రాయిస్తానన్నారు. టేపక్క బోర్డుకి టేపు పెట్టి, "జాగా లేదండీ, ఇరుకు రాత నాకొద్దు. ఎర్ర పీలికంటే ఏంటో ఓ పక్కన రాయించండి చాలు" అంది. ఆమె తప్పు కొలత చెప్పింది బతుకులో ఆ ఒక్కసారే. బోర్డు కింద జానెడు ఖాళీ ఉంది.

ఇప్పుడున్నది పదిమంది. ఇంకా పదిమంది కావాలి. ఆదివారం ఆరున్నరకి గేటు దగ్గరికి రండి, పాత గుడ్డ ఒకటి తెచ్చుకోండి. వంకరగా కట్టినా ఇప్పుడామె ఏమీ అనదు, మహా అయితే ఓ చూపు చూస్తుంది. మీది వేరే ఊరైతే, అక్కడా ఏ కాలువలోనో ఒక మనిషి వంగి ఉంటుంది. ఏదైనా పీకేముందు ఆమెని అడగండి. తర్వాత బోర్డు దగ్గరికెళ్లి పేర్లు చదవండి. ఆమె పేరు లేకపోతే ఎందుకు లేదని అడగండి. ఆమె అడగదు.