అత్తయ్య పసుపు రాసిన పనసకంకులు

ఆ రోజుల్లో, అంటే ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజుల్లో, దొర కంట పడితే జన్మ తరించిపోతుందనుకునే వెర్రివాళ్లలో నేనొకణ్ని. నాకు బొమ్మలు గీయడం తప్ప మరో పని చేతకాదు. (కొబ్బరిచెట్టు సగం ఎక్కి, దిగలేక ఏడ్చిన ఘనుణ్ని.) తల్లీదండ్రీ లేని నన్ను పెంచిన మేనత్త, వీడెలా బతుకుతాడో అని కుమిలిపోతుండేది. అప్పుడే చెట్లవీ చేమలవీ బొమ్మలు గీయించుకునే దొర ఒకాయన ఐనవిల్లి పక్కన కాలవగట్టున డేరా వేశాడు.

పనసచెట్టు కింద రాలి కుళ్లిన మగపూత కంకుల మీద, వానలు పట్టాక, గోధుమరంగు గిన్నెలు మొలుస్తాయి. పుట్టగొడుగు జాతే గాని గొడుగుండదు. మినపగింజ పట్టేంత గిన్నె, కింద సన్నటి కాడ. మా పెరట్లో ఉన్నాయని చెప్పగానే దొర కుర్చీలోంచి లేచాడు. మర్నాడు పొద్దున్న తన పడవ కదిలేలోగా తెచ్చి చూపిస్తే, నన్ను వెంట తీసుకుపోయి పనిలో పెట్టుకుంటానన్నాడు.

ఆ సాయంత్రమే ఏడు కంకులు ఏరి, పళ్లెంలో పెట్టి తడిగుడ్డ కప్పి, ఇవి దొరకివ్వాలని అత్తయ్యకు చెప్పాను. (ముట్టుకోవద్దని చెప్పలేదు. నా ఖర్మ.) తెల్లారేసరికి ఆవిడ అరిటాకు పొట్లం కట్టి చేతికిచ్చింది. పరిగెత్తాను. దొర భూతద్దం పట్టుకుని పొట్లం విప్పితే, ఏడు కంకులూ నున్నగా, పచ్చగా మెరుస్తున్నాయి. గిన్నె అన్నది మచ్చుకైనా లేదు. దొర ఒక్కొక్కటే తిప్పి చూశాడు, నన్ను చూశాడు, పొట్లం నా చేతిలో పెట్టి పడవెక్కాడు. తిట్టినా బావుండేది.

"బూజు పట్టినవి దొరగారి చేతిలో పెడితే మన పరువేంగానురా? గోటితో గీకి, మూడు నీళ్లు కడిగి, పసుపు రాసేను. ఏవన్నారు?" అంది అత్తయ్య, గుమ్మంలోనే ఎదురొచ్చి.

బావున్నాయన్నారని చెప్పి, పెరట్లోకి పోయి పెంటకుప్ప ముందు కూలబడ్డాను. పడవ వెళ్లిపోయాక, గీకి పారేసిన ఆ గిన్నెలు దొరికితే మాత్రం ఏం లాభం? బతుకు అక్కడితో సరి అనుకుని, ఏడుస్తూ వెతికాను. అత్తయ్య వచ్చి కాసేపు చూసింది. ఏమర్థమైందో, పక్కన కూర్చుని తనూ వెతికింది.

ఆ తర్వాత పోయేదాకా ఆవిడ ఆ చెట్టు కింద చీపురు వేయలేదు, ఎవరినీ వేయనివ్వలేదు. "మావాడి గిన్నెలున్నాయక్కడ. దొరగారొస్తారు" అనేది. ఏ దొరా రాలేదు. నేను పడవలకు రంగులు వేసుకుంటూ బతికేశాను.

మొన్న మా కోడలు చీపురుతో అటు వెళ్తుంటే అడ్డం నిలబడ్డాను.

"ఉండమ్మా, దొరగారొస్తారు."

"ఆయ్, అలాగేనండీ మావయ్యగారూ" అని, ఆ పిల్ల పాపం, నా మొహం కేసి జాలిగా చూసి చీపురు గోడకానించింది. చెట్టు కింద ఎన్ని గిన్నెలో. నాకు నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకున్నాను.