ఒకే తానులో నా లంగా

నా చిన్నప్పుడు ఉగాది వస్తే మా ఇంట్లో పిల్లలందరికీ ఒకే తానులో గుడ్డ కొనేవారు. మాది కోడుమూరు దగ్గర ఒక పల్లె. మా నాయన వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు, పిల్లలం తొమ్మిది మందిమి. పండగకు పది రోజుల ముందు మా పెద్దనాయన కోడుమూరికి పోయి తానును భుజాన వేసుకుని వచ్చేవాడు. ఏటా ఒకటే, బూడిద రంగు మీద సన్న చారలు. నల్లరేగడి మట్టి అంటినా కనపడదని ఆయన లెక్క. మగపిల్లలకు చొక్కాలు, ఆడపిల్లలకు లంగాలు, మిగిలిన గుడ్డతో దిండు గలేబులు.

అది పిసినారితనం కాదు. ఎప్పుడో ఒక పండక్కి ఒకరి బిడ్డకు మంచి గుడ్డ వచ్చిందని మా అమ్మా పెద్దమ్మా నెలరోజులు మాట్లాడుకోలేదట. అప్పటినుంచి ఆయన పెట్టిన కట్టుబాటు అది. ఇంట్లో ఆ మాట దాటినవాళ్లు లేరు.

నాకు పదేళ్లప్పుడు మా మేనత్త ఊరి నుంచి వచ్చి, వెనక నుంచి చూసి, నన్ను మా పెద్దమ్మ కూతురి పేరుతో పిలిచింది. తిరిగి చూశాక కూడా సరిచేసుకోలేదు. ఎవరైతే ఏమిలే అన్నట్టు చేతిలో చెంబు పెట్టి నీళ్లు తెమ్మంది. ఆ పిలుపు నాకు రెండు రోజులు తిండి సయించనివ్వలేదు.

మా బట్టలు కుట్టేది వీధి చివరి సాయిబు తాత. ఆయన మిషను కింద ఎర్రటి పేలికలు కుప్పగా పడి ఉంటే, నా లంగా అంచుకు అవి వేసి కుట్టమని అడిగాను. ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు.

"నేను కుట్టనమ్మా. మీ పెద్దనాయనకు మాటిచ్చినా. కావాలంటే నువ్వే కుట్టుకో. సూది ఎట్ల పట్టాల్నో నేర్పిస్తా."

మూడు మధ్యాహ్నాలు ఆయన పక్కన కూర్చున్నాను. పేలికలను మూడు మూలల ముక్కలుగా కత్తిరించి, అంచు చుట్టూ ఒకదాని పక్కన ఒకటి చేత్తో కుట్టాను. వేళ్లకు పొక్కులు లేచాయి. వంకరగా వచ్చిన చోట ఆయన దారం తెంపి, మళ్లీ నా చేతికే ఇచ్చేవాడు.

ఉగాది పొద్దున తలంటు పోసుకుని ఆ లంగా కట్టుకుని పంచలోకి వచ్చాను. పెద్దనాయన తింటున్న పచ్చడి పక్కన పెట్టాడు.

"ఏందిది? ఎవురు కుట్టిరి?"

"నేనే" అన్నాను. గొంతు వణికింది.

"విప్పెయ్. ఈరోజు నువ్వు, రేపు ఇంగొకరు. మళ్లీ ఇంట్లో తగువు మొదలవుతాది."

మా అమ్మ బ్లేడు తెచ్చింది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని మొదటి కుట్టు వెతుకుతోంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి నాకూ ఏడుపొచ్చింది.

అప్పుడు లోపలి నుంచి మా జేజి, నాయన వాళ్లమ్మ, వచ్చింది. పెద్ద కొడుకు మాటకు ఆమె ఏనాడూ అడ్డు చెప్పి ఎరుగదు. తన రవిక చెయ్యి అంచును మెల్లగా తిరగేసింది. లోపలివైపు, ఎవరికీ కనపడని చోట, పచ్చదారంతో కుట్టిన చిలకలు వరసగా ఉన్నాయి. ఎర్ర ముక్కులతో సహా.

"పెండ్లయి ఈ ఇంటికొచ్చినప్పట్నుంచి ప్రతి రవిక్కీ కుట్టుకుంటాండా" అంది. "దీనివల్ల యా రోజన్నా ఈ ఇంట్లో తగువొచ్చిందా? నేను భయపడి లోపల కుట్టుకుంటి. ఈ పిల్ల బయట కుట్టుకునింది. అంతే గదప్పా."

పెద్దనాయన తల్లి చేతిని పట్టుకుని ఆ చిలకలను చాలాసేపు చూశాడు. యాభై ఏళ్ల మనిషి, అమ్మ రవికను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత మా అమ్మ దగ్గర బ్లేడు అడిగి తీసుకుని గూట్లో పెట్టాడు. వంగి నా లంగా అంచు వేళ్లతో తడిమి, "ఈడ కుట్టు వదులైండాది. బిగిచ్చుకో" అన్నాడు.

మరుసటి ఏడు కూడా అదే బూడిద చారల తాను వచ్చింది. దానితోపాటు ఒక చిన్న మూటలో ఎరుపు, పసుపు, నీలం ముక్కలు కూడా వచ్చాయి. తొమ్మిది మందిమీ మూట చుట్టూ కూర్చుని ఎవరికి కావలసినవి వాళ్లం ఏరుకున్నాం. తగువు రాలేదని చెప్పను, వచ్చింది. నవ్వులతో తీరింది. జేజి ఆ పండక్కి కుట్టించుకున్న రవికకు చిలకలు బయటికి వచ్చాయి. ఆ రోజు ఆమె వీధిలో నడిచిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. చెయ్యి కొంచెం ఎత్తి, కొంగు పక్కకు సర్దుకుని, పనేమీ లేకపోయినా మూడిళ్లు తిరిగొచ్చింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. కర్నూలులో చదువుకునే మా మనవరాలు మొన్న వాళ్ల తాత లుంగీలతో చొక్కా కుట్టుకుని వచ్చింది. ఒక చెయ్యి ఒక రంగు, ఇంకో చెయ్యి ఇంకో రంగు. మా కోడలు నోరు తెరవబోయింది. నేను ఆగమని సైగ చేసి, పిల్లను వెలుతురులోకి పిలిచాను.

"ఎవురు కుట్టిరి?" అని అడిగాను.

"నేనే జేజీ" అంది.

ఆ మాటలో వణుకు లేదు. అది విన్నందుకే ఆ రోజంతా నాకు గర్వంగా ఉండింది.