రత్నమాల నాలుగో పేజీ

పిల్లల పుస్తకం అంటే లోకానికి అలుసు. "నాలుగు బొమ్మలు, నాలుగు మాటలు, దానికెంత సేపు" అంటారు. అన్నవాళ్లను పట్టుకొచ్చి నాలుగేళ్ల పిల్లల ముందు కూర్చోబెట్టాలి. పెద్దవాళ్లయితే పుస్తకం నచ్చకపోయినా మొహమాటానికి తల ఊపుతారు. పిల్లలకు ఆ మొహమాటం ఎక్కడిది? ముక్కులో వేలు పెట్టుకుని కిటికీలోంచి మేకను చూస్తారు. ఆ మేక కంటే నీ బొమ్మ బాగుండాలి, లేదంటే నీ బతుకు అంతే. కోరుట్లలో బాలవాడి నడిపే రత్నమాలకు ఈ సంగతి తెలిసినంత బాగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. తెలియనివాళ్లు మాత్రం ఆమెకు సలహాలివ్వడానికి వరుస కట్టేవారు.

ఆమె పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. కోరుట్లకు కోడలిగా వచ్చిన ఏడాదికే భర్త మస్కట్ వెళ్లాడు. ఇంట్లో మిగిలింది తను, బీడీలు చుట్టే అత్త వెంకటవ్వ. కోడలు కాగితాల మీద పిల్లులనూ కోళ్లనూ గీస్తుంటే అత్త చాట ఒళ్లో పెట్టుకుని చూసేది.

"గా కోడిని గీసుడెందుకే, బయటికి పోతే నిజం కోడే ఉన్నది గదా" అనేది. రత్నమాల జవాబు చెప్పేది కాదు. చెబితే ఆ మాట సాయంత్రం దాకా సాగుతుందని ఆమెకు అనుభవం.

ఎనభై ఎనిమిదిలో బాలవాడికి పట్నం నుంచి అంకెల పుస్తకం ఒకటి వచ్చింది. నున్నటి కాగితం, రంగు రంగుల బొమ్మలు. ఒకటికి ఓడ, రెండుకు జిరాఫీలు, మూడుకు ఐస్‌క్రీములు. ఓడ బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే ఓదెలు అనే పిల్లవాడు తడుముకోకుండా "ఇస్త్రీ పెట్టె" అన్నాడు. మిగతా పిల్లలందరూ అవునన్నారు. రత్నమాల ఆ ఓడను అటూ ఇటూ తిప్పి చూసింది. నిజంగానే ఇస్త్రీ పెట్టెలా ఉంది. ఆ రోజే పుస్తకం అటకెక్కించి, కోరుట్లలో కనబడే వస్తువులతో ఒకటి నుంచి పది దాకా తనే పుస్తకం చేస్తానని కూర్చుంది.

కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. ఆమె పద్ధతి ఆమెది. ముందు పెన్సిలుతో బొమ్మ వేసి పిల్లలకు చూపించేది. వాళ్లు ఒప్పుకుంటేనే బొమ్మ నిలిచేది, దిక్కులు చూస్తే చిరిగిపోయేది. ఒకటికి జగిత్యాల బస్సు, ఒక్కసారికే నెగ్గింది. మూడుకు పొయ్యిరాళ్లు, అదీ నెగ్గింది. నాలుగు దగ్గర తల ప్రాణం తోకకొచ్చింది. మంచం గీసి దాని నాలుగు కోళ్లు లెక్కపెట్టమంటే, "మా మంచానికి మూడే ఉన్నయి టీచరమ్మా, ఒక దిక్కు ఇటుకలు పెట్టిన్రు" అన్నాడు ఓదెలు. దూడను గీస్తే కాళ్ల సంగతి వదిలేసి దాని పేరేమిటని గంటసేపు కొట్టుకున్నారు.

"అసలు మీరు నాలుగు ఏడ చూసిన్రు చెప్పున్రి" అని విసుక్కుంది రత్నమాల.

"ఠాణ కాడ" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

నిజమే. బాలవాడికి వచ్చే దారిలోనే పోలీసు ఠాణా. అన్నల, అంటే నక్సలైట్ల, భయానికి గేటు ముందు ఇసుక బస్తాలు పేర్చి, వాటి వెనక నలుగురు పోలీసులు తుపాకులు పట్టుకుని నిలబడేవారు. పిల్లలు పొద్దున్నే వాళ్లను వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చేవారు. నాలుగు అనే అంకె వాళ్లకు అక్కడే పట్టుబడింది. పిల్లలు చూసేదే పుస్తకంలో ఉండాలన్నది రత్నమాల పట్టుదల. చూసేది ఇదైనప్పుడు ఇంకేం గీస్తుంది?

రెండు పొద్దులు ఠాణా ఎదుటి చాయ హోటల్ బెంచీ మీద కూర్చుని నోటుబుక్కులో గీసుకుంది. తర్వాత మరచిపోకుండా పక్కన రాసుకోవడం ఆమెకు అలవాటు. గేటు నీలం, బస్తాలు ఇరవై రెండు, పై వరుస వంకర, ఎనిమిదింటికి మనుషులు మారతారు. అలా. రెండో రోజు వాళ్లలో ఒకాయన రోడ్డు దాటి వచ్చాడు. సామేలు అని పేరు, ఎల్లారెడ్డిపేట మనిషి, గుబురు మీసాలు. ఏం గీస్తున్నావని అడిగితే పిల్లల పుస్తకమని చెప్పింది.

"గట్లనా. అయితే జర మంచిగెయ్యి టీచరమ్మా" అని నవ్వి, వెళ్లి తన చోట కుదురుగా నిలబడ్డాడు. మిగతా ముగ్గురూ ఎవరైనా కావచ్చుననేలా ఉన్నారు గానీ, సామేలు మాత్రం నవ్వుతో సహా కాగితం మీదికి దిగిపోయాడు. తన చేతి పనికి రత్నమాల లోలోపల మురిసిపోయింది. మురిసిపోయినందుకు తర్వాత తనను తాను తిట్టుకోని రోజు లేదు.

బొమ్మ నెగ్గింది. ఇక అచ్చు వేయడానికి బ్లాకు చెక్కాలి. పట్నంలో జింకు బ్లాకులు చేయించే స్తోమత ఎక్కడిది? చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర అట్టరబ్బరు తెచ్చి, చెక్కకు అంటించి, పాత గొడుగు పుల్లను సానబట్టి దాంతో చెక్కేది. కాగితం మీద సరిగ్గా పడాలంటే రబ్బరు మీద కుడి ఎడమలు తిరగేసి చెక్కాలి. పుల్ల జారి వేలు తెగని రోజు లేదు. బ్లాకులు సంచిలో వేసుకుని జగిత్యాల బస్సెక్కి అబ్దుల్ రహీం ప్రెస్సుకు వెళ్లింది. కాలితో తొక్కే మిషను మీద పెళ్లి పత్రికలు కొట్టే పెద్దమనిషి. నాలుగో బ్లాకుకు సిరా రాసి ఒక కాగితం తీసి చూశాడు, చూసి ఆ కాగితాన్ని అప్పుడే అగ్గిపుల్ల గీసి కాల్చేశాడు.

"ఏంది చాచా, ఎందుకు కాల్చినవ్" అంది రత్నమాల.

"బేటీ, పోయినేడు ఎవలో కరపత్రాలు కొట్టిన్రని పోలీసోళ్లు నా ప్రెస్సుల అక్షరాలన్నీ నేల మీద గుమ్మరించి పోయిన్రు. సర్దుకునేటందుకు నెల పట్టింది. ఠాణ బొమ్మ, తుపాకుల బొమ్మ నేను కొట్ట. ఎస్సై సాబ్ కాయితం రాసిస్తే తీస్కరా, కొడత."

ఇక్కడ ఏ బుద్ధిమంతురాలైనా నాలుగు కుండలు గీసి ఊరుకునేది. రత్నమాల మాత్రం కొరివితో తల గోక్కున్నట్టు, బ్లాకుతోపాటు నోటుబుక్కు కూడా పట్టుకుని తిన్నగా ఠాణాకే వెళ్లింది. దాచడానికి ఏమీ లేనప్పుడు భయమెందుకని ఆమె లెక్క.

ఎస్సై వేరే జిల్లా మనిషి, వచ్చి మూడు నెలలు. నోటుబుక్కు తిరగేసి, "ఇరవై రెండు బస్తాలు. ఎనిమిదింటికి మనుషులు మారతారు. ఇది పిల్లల పుస్తకమా?" అన్నాడు.

"బొమ్మ గీసేటందుకు రాసుకున్న సార్."

"గేటు ఎడమవైపు ఉంటే ఈ చెక్క మీద కుడివైపు ఉందేం?"

"బ్లాకు మీద తిరగేసి చెక్కాలె సార్. కాయితం మీద పడితే సరిగ్గస్తది."

"అంటే చూసేవాడికి అర్థం కాకుండా."

రత్నమాలకు ఒళ్లు మండిపోయింది. అచ్చు ఎలా పడుతుందో చూపించబోయింది. ఆయన ఆ మాటే వినలేదు, పెన్సిలు బొమ్మలో నవ్వుతున్న మొహం దగ్గర ఆగిపోయాడు. గంట కొట్టి సామేలును పిలిపించాడు. పాపం ఆ మనిషికి లోపల ఏం జరుగుతోందో తెలియదు. బొమ్మ చూడగానే మొహం ఇంతయింది.

"అచ్చం నేనే సార్" అన్నాడు.

"డ్యూటీలో బొమ్మలకు నిలబడతావా? మనుషులు మారే టైము నువ్వే చెప్పావా?"

చెప్పలేదని సామేలు అన్నాడు. తనే చూసి రాసుకున్నానని రత్నమాలా అంది. ఇద్దరి మాటా ఆయన చెవికి ఎక్కలేదు. సామేలును అడవిలో ఉన్న ఔట్‌పోస్టుకు పంపమని పైకి రాస్తానని, బ్లాకూ నోటుబుక్కూ తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆ ఔట్‌పోస్టు పేరు వింటేనే పోలీసుల ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి వెలిగించరని చాయ హోటలాయన తర్వాత చెప్పాడు.

ఇది చాలదన్నట్టు, మర్నాడు పొద్దున తలుపు కింద ఒక చీటీ కనబడింది. పోలీసులను నవ్వుతున్నట్టు చూపించి పిల్లలను మభ్యపెట్టే పుస్తకం ఆపాలని, లేకుంటే ప్రజలకు జవాబు చెప్పుకోవాలని ఎర్ర సిరాతో రాసి ఉంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇటు ఎస్సైకీ అటు అన్నలకూ కడుపుమంట ఆ ఒక్క నవ్వు మీదే. పుస్తకం చూడాల్సిన నలభై మంది పిల్లలకు తప్ప ఊళ్లో ప్రతివాడికీ ఆ పేజీతో పని పడింది.

"నేను చెప్తనే ఉన్న, కోడిని గీసుకో అని" అంది వెంకటవ్వ. ఎన్నడూ అనని మాటను అన్నట్టు చెప్పుకుంది. రత్నమాల చీటీని పొయ్యిలో వేసి, గొడుగు పుల్ల తీసుకుని మళ్లీ ఠాణాకు వెళ్లింది.

"ఆయన బొమ్మ తీసేస్త సార్. ఆయన్ని ఈడనే ఉంచున్రి" అంది.

"నా ఎదుట తీసేయి" అన్నాడు ఎస్సై.

స్టూలు మీద కూర్చుని, బ్లాకు ఒళ్లో పెట్టుకుని, నలుగురినీ చెక్కి తీసేసింది. సామేలు దగ్గర చెయ్యి ఆగింది. పదకొండు రోజుల పని ఆ మొహం. ఎస్సై చూస్తున్నాడని పుల్ల గట్టిగా నొక్కింది. మొహం పొడిపొడిగా నేల మీద రాలింది. అంకె తప్పకుండా మిగతా బస్తాలనూ తీసేస్తే, చివరికి బ్లాకు మీద మిగిలినవి నాలుగు. ఇసుక బస్తాలని రాయడానికి వీల్లేదన్నాడు ఎస్సై. పసుపు బస్తాలని రాస్తానంది. ఆయన కాగితం మీద సంతకం పెట్టి, నోటుబుక్కు మాత్రం ఇవ్వలేదు.

పుస్తకం అచ్చయింది. నాలుగో పేజీ వచ్చేసరికి పిల్లలు ముక్కుల్లో వేళ్లు పెట్టుకుని కిటికీ వైపు చూశారు. రత్నమాలకు ఏడుపొచ్చినంత పనైంది, అయినా సామేలు ఊళ్లోనే నిలిచాడు కదా అని సరిపెట్టుకుంది. ఆ సరిపెట్టుకోవడం పది రోజులే. పదకొండో రోజున సామేలును అడవి ఔట్‌పోస్టుకు పంపేశారు. ఆమె వెళ్లి అడిగితే, అది మామూలు బదిలీ, నీ పుస్తకానికీ దానికీ సంబంధం లేదన్నాడు ఎస్సై. ఆ వానాకాలంలోనే అడవి దారిలో జీపు కింద మందుపాతర పేలింది. పోయినవాళ్లలో సామేలు ఉన్నాడు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున బాలవాడి గుమ్మంలో ఒకామె ఐదేళ్ల పిల్లతో నిలబడి ఉంది. పేరు సరోజన అని, సామేలు భార్యనని చెప్పింది. తిట్టడానికే వచ్చిందనుకుంది రత్నమాల. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"ఇంటికచ్చినప్పుడు చెప్పిండు టీచరమ్మా. కోరుట్ల టీచరమ్మ నా బొమ్మ ఏసింది, అచ్చం నేనే అని. గది ఒక్కటి ఇస్తవేమోనని అచ్చిన."

"ఫోటో లేదా" అంది రత్నమాల.

"ఆఫీసోళ్లు పెద్దగ చేసిచ్చిన్రు. నౌకరిల చేరినప్పటిది. మీసాలు లేవు, బక్కగున్నడు. దండేస్తే గీ పిల్ల, గాయిన మా నాయిన కాదు అంటది. దండం పెట్టదు."

రత్నమాల లోపలికి వెళ్లి బీరువాలో వెతికినట్టు చేసింది. ఏం ఉందని వెతుకుతుంది? రహీం తీసిన ఒక్క కాగితం బూడిదైంది. నోటుబుక్కు ఏమైందో, బదిలీ అయిపోయిన ఆ ఎస్సైకే తెలియాలి. బ్లాకు మీద మొహాన్ని తన చేతులతోనే చెక్కి తీసేసింది. బయటికొచ్చి ఆ మాటే చెప్పింది.

"ఆయన్ని ఈడనే ఉంచుతరని నేనే తీసేసిన" అంది.

రత్నమాల బాలవాడి పిల్లలను ఆడుకోమని బయటికి పంపి, చాప మీద ఆ పిల్లకు ఎదురుగా కూర్చుని, గుర్తున్నంత వరకు గీసింది. పిల్ల చూసి తల అడ్డంగా ఊపింది. చించేసి మళ్లీ గీసింది. మీసాలు సరే గానీ కళ్లు కాదంది పిల్ల. మూడోది అసలు చూడనే లేదు, కిటికీ వైపు తిరిగింది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. చాప నిండా చిరిగిన కాగితాలు. చివరి బొమ్మను సరోజన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"గిది సాలు టీచరమ్మా. ఆయన తీర్గనే ఉన్నది. బస్సు టైమయితంది" అంది.

"నువ్వు ఒప్పుకుంటే సాలదమ్మా. బిడ్డ ఒప్పుకోవాలె" అంది రత్నమాల.

సరోజన చేతిలోంచి ఆ కాగితం తీసుకుని చించేసి, పెన్సిలు చెక్కుకుంది.

"మీ నాయిన నవ్వితే కండ్లు ఎట్లయితయి బిడ్డా, చెప్పు" అని పిల్లను అడిగింది.